మూడో నెల నిండేదాకా ఎవరికి చెప్పాలి?

చోడవరం

చి.సౌ. చిట్టికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్లో నువ్వు గొంతు తగ్గించి మాట్లాడుతుంటే మీ అత్తగారు పక్క గదిలోనే ఉన్నారని అర్థమైంది. అందుకే సగం అడిగి సగం మింగేశావు. అడిగినదానికీ మింగినదానికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ అమ్మ ఆదివారం కూర్మన్నపాలెం వస్తోందిగా, దాని చేతికే ఇస్తాను. కవరు అంటించడం లేదు. బస్సులో విప్పి చదువుకుంటే దానికీ మంచిదే.

ముందు గీత సంగతి. నెల తప్పిన నాలుగో రోజున గర్భపరీక్ష కిట్టు పెట్టావు, టి దగ్గర గీత మసకగా పడింది అన్నావు. ఐదు నిమిషాల్లోపలే పడిందా? కాస్తయినా రంగు ఉందా? అయితే అది గీతే. మసక గీతంటే సగం కడుపని కాదమ్మా. పిండం గర్భసంచి గోడకి అంటుకున్నాకే హెచ్.సి.జి. అనే హార్మోను తల్లి రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి దిగుతుంది. అండం విడుదలైన తర్వాత అలా అంటుకోవడానికే ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆ పైన మొదటి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ పోతుంది. కాబట్టి రెండు రోజులాగి, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో ఇంకోసారి చూడు. రాత్రంతా నిలవున్నది కనక చిక్కగా ఉంటుంది. ముందే చెంబుడు నీళ్ళు తాగేసి చూస్తే ఉన్నది కూడా లేనట్టు కనిపిస్తుంది. సి దగ్గర గీతే పడకపోతే ఆ కిట్టు పాడైందని లెక్క, పారేసి ఇంకొకటి తెచ్చుకో. ఐదు నిమిషాలకి ఏమీ లేక, గంట పోయాక చెత్తబుట్టలోంచి తీసి చూస్తే బూడిదరంగు జాడ కనిపించిందనుకో, దాన్ని పట్టించుకోకు. అలా బుట్టలోంచి తీసి చూసేవాళ్ళు నువ్వనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు.

ఒకటి గుర్తు పెట్టుకో. కిట్టు ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది, ఆ హార్మోను ఉందా లేదా అని. పిండం గర్భసంచిలో ఉందో, ట్యూబులో చిక్కుకుందో, అసలు పిండమే లేకుండా ముత్యాల గర్భమో అది చెప్పలేదు. అందుకే గీత చూసుకుని మూడు నెలలు ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు.

నేను ఎ.ఎన్.ఎం.గా ఉద్యోగంలో చేరిన కొత్తలో సబ్‌సెంటర్లో ఈ కిట్టు కూడా లేదు. నా చేతిలో ఉన్నవల్లా కళ్ళూ, చేతులూ, ఒక రిజిస్టరూ. నెల తప్పిన మనిషికి మందుల షాపు వాళ్ళు హార్మోను మాత్రలిచ్చేవారు. వేసుకున్నాక ముట్టొస్తే కడుపు కాదు, రాకపోతే కడుపు. పరీక్ష పేరుతో కడుపులో ఉన్న పిండం మీదికే ఘాటైన హార్మోన్లు పంపేవారన్నమాట. ఆడవాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడితే, ఆ ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ మందుల్ని మన దేశంలో 1988లో నిషేధించారు. అంతకు ముందు పెద్ద ఊళ్ళ లాబొరేటరీలలో ఇంకా విచిత్రంగా ఉండేది. 1920ల చివర్లో బెర్లిన్లో ఆష్‌హైమ్, జోండెక్ అనే డాక్టర్లు ఆడవాళ్ళ మూత్రాన్ని ఆడ చిట్టెలుకలకి ఎక్కించి, తర్వాత కోసి అండాశయాలు చూసేవారట. ఎలుక తర్వాత కుందేలు, కుందేలు తర్వాత దక్షిణాఫ్రికా కప్ప. కప్ప మాత్రం బతికిపోయింది, అది గుడ్లు పెడితే చాలు, కోయక్కర్లేదు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ‘నిశ్చయ్’ అనే కిట్లు ఆశా కార్యకర్తల సంచుల్లోకి ఉచితంగా వచ్చాయి. అప్పటిదాకా బిడ్డ కదిలాకో, పొట్ట కనిపించాకో, అంటే ఐదో నెలలో వచ్చే ఆడవాళ్ళు నెల తప్పిన వారానికే గుమ్మంలో నిలబడటం మొదలెట్టారు. నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద మార్పు ఏదని అడిగితే ఇదే అంటాను.

ఇక లెక్క. ఆఖరి ముట్టు మొదలైన రోజేదో కాగితం మీద రాసి పెట్టుకున్నావా? మన వైపు తేదీ అడిగితే ఎవరూ తేదీ చెప్పేవారు కాదు. “నూకాలమ్మ పండగెళ్ళిన మూణ్ణాళ్ళకి తలకి పోసుకున్నానమ్మా” అనేవారు. నాకది సులువే. ఆ పండగొచ్చే కొత్త అమావాస్య క్యాలెండర్లో ఉంటుంది, మూడు రోజులు కలుపుకోవడమే. కానీ వాళ్ళు చెప్పేది స్నానం చేసిన రోజు, లెక్కకి కావలసింది ముట్టు మొదలైన రోజు. మూడు నాలుగు రోజులు వెనక్కి జరిపి రాసుకునేదాన్ని. ఆ తేదీకి తొమ్మిది నెలలూ ఏడు రోజులూ కలిపితే పురుడొచ్చే రోజు అంచనాగా తెలుస్తుంది. జనవరి 10 అయితే అక్టోబరు 17. ఇరవై ఎనిమిది రోజులకి సరిగ్గా నెలసరి వచ్చేవాళ్ళకి ఈ లెక్క కుదురుతుంది. నీకు ముప్పై అయిదు రోజులకోసారి వస్తుందని మీ అమ్మ ఎప్పుడో చెప్పింది. కాబట్టి నీ విషయంలో తేదీ కంటే మొదటి నెలల్లో తీసే స్కానే ఎక్కువ నమ్మకం. గర్భం వయసు కట్టడానికి ఆ స్కానంత సరిగ్గా తర్వాత తీసేవేవీ పనికిరావు.

ఈ లెక్కతోనే ఇంకో చిక్కుంది. వారాలు లెక్కపెట్టేది ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి. గర్భం నిజంగా పడేది దానికి రెండు వారాల తర్వాత. అంటే నెల తప్పే రోజుకే కాగితం మీద నాలుగు వారాల గర్భమని రాస్తారు. పెళ్ళయి అయిదు వారాలైన పిల్లకి డాక్టరమ్మ ‘ఆరు వారాలు’ అని రాసిస్తే మన ఊళ్ళల్లో ఏమవుతుందో ఊహించుకో. బుచ్చెయ్యపేట వైపు ఒక ఇంట్లో ఆ ఒక్క అంకె మీద పెద్దల పంచాయితీ కూడా పెట్టించారు. పిల్ల మూలన కూర్చుని ఏడుస్తోంది. నేను గోడ క్యాలెండరు తీసి ఆ మావగారి ఒళ్ళో పెట్టి వేళ్ళతో లెక్కపెట్టించాను. ఒప్పుకున్నాడు గానీ క్షమించమని ఆ పిల్లని అడగలేదు. నీ పెళ్ళయి రెండేళ్ళయింది కనక నీకా గొడవ లేదు. నీతో పనిచేసే కొత్త పెళ్ళికూతుళ్ళకి మాత్రం చెప్పి ఉంచు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ అమ్మ “మూడో నెల నిండేదాకా ఎవులికీ సెప్పీకు, ఆస్పత్రికీ అప్పుడే ఎల్దాం” అంటోందన్నావు. మన స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి వెళ్ళి మొక్కుకుని కూడా వచ్చింది. దాని మాట తీసిపారేయకు. నీకంటే ముందు దానికి ఒకటి నిలవలేదు. ఈ మాట నీకు చెప్పమని నిన్న తనే అంది, తనకి నోరు రాదట. అప్పుడు వీధి వీధంతా తెలిసిపోయింది, పోయాక కూడా అందరూ వచ్చారు. చెరుకు తోటకి నడిచి వెళ్ళావు కాబట్టే పోయిందని ఒకరు, నువ్వులుండ తిన్నావని ఒకరు. నిజానికి తెలిసిన గర్భాల్లో నూటికి పది, పదిహేను మొదటి నెలల్లోనే పోతాయి. వాటిలో సగానికి పైగా పిండంలో క్రోమోజోములు సరిగ్గా కుదరకపోవడం వల్లే. నడక వల్ల కాదు, నువ్వులుండ వల్ల కాదు, మన బి.ఎన్. రోడ్డు గుంతల వల్ల కూడా కాదు, ఆ రోడ్డు మీద ఎంత కోపమున్నా సరే. ఆ మాట మీ అమ్మకి అప్పుడు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే ఇన్నేళ్ళు దాచుకునేది కాదు. కాబట్టి ‘వీధికి చెప్పకు’ అనే ఆచారంలో నాకు తప్పు కనిపించదు. పోతే ప్రశ్నలు తప్పించుకోవడానికి మన ముసలమ్మలు కట్టుకున్న గోడ అది.

కానీ ఆ గోడకి ఆస్పత్రి లోపలుండాలి, బయట కాదు. బిడ్డ గుండె, వెన్ను, మెదడు, చేతులు, కాళ్ళు, పెదవి, అంగిలి అన్నీ ఏర్పడేది నువ్వు ఎవరికీ చెప్పకూడదనుకునే ఈ వారాల్లోనే. మెదడుగానూ వెన్నుపాముగానూ మారే నాళం గర్భం పడ్డ ఇరవై ఎనిమిది రోజులకల్లా మూసుకుపోతుంది, అంటే నెల తప్పిన రెండు వారాలకే. మూసుకోకపోతే బిడ్డ వెన్ను తెరుచుకుని పుడుతుంది, ఒక్కోసారి పుర్రె పైభాగమే ఉండదు. మూడో నెల నిండాక వెళ్ళి ఫోలిక్ యాసిడ్ మాత్ర తెచ్చుకుంటే ఆ నాళానికి దానితో పని ఉండదు.

ఈ మాత్ర వెనక మనవాడొకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ముల్ని పొట్టన పెట్టుకుంది. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ లాబొరేటరీలో పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్నప్పుడు, 1945లో ఆ బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూకి మందయింది. దానికి ముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి రక్తం ఎందుకు పడిపోతోందో వెతికింది. ఈస్టు సారం తినిపిస్తే నయమవుతోందని 1931లో రాసింది. ఆ సారంలో ఉన్నది ఇదేనని తర్వాత తేలింది. ఇక వెన్ను సంగతి తేలింది 1991లో. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, అంతకు ముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి గర్భానికి ముందు నుంచే ఈ మాత్రలిచ్చి చూస్తే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. అప్పటికి సుబ్బారావుగారు పోయి నలభై ఏళ్ళు దాటింది. మిల్లు కూలీ ఆడవాళ్ళ కోసం మొదలైన వెతుకులాట ఇలా నీ చేతిలోకి వచ్చిందని తెలిస్తే ఆ మాత్ర మరచిపోవని రాశాను, వేరే పాండిత్యం కోసం కాదు.

మొదటి మూడు నెలలూ రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. షాపులో అయిదు మిల్లీగ్రాములది చేతిలో పెట్టేస్తారు. షుగరున్నవాళ్ళకీ, మూర్ఛ మందులు వాడేవాళ్ళకీ, ముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్ళకీ పెద్ద మోతాదు కావాలి. నీకు ఏది అన్నది డాక్టరమ్మ రాసిస్తుంది. అసలైతే పెళ్ళయి బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే వేసుకోవాలి. అయిందేదో అయింది, రేపట్నుంచి మొదలెట్టు.

నువ్వు ఫోన్లో మింగేసినదాన్లో ఒకటి నాకు వినిపించింది. నెల తప్పక ముందు పంటినొప్పికి మాత్రలేసుకున్నావు, ఇప్పుడు భయపడుతున్నావు. పిండం అంటుకునే ఆ మొదటి రెండు వారాల్లో ఏదైనా పెద్ద దెబ్బ తగిలితే సాధారణంగా గర్భమే నిలవదు, నిలిచిందంటే జాడ మిగలదు. కాబట్టి ఆ రెండు మాత్రల కోసం నిద్ర మానుకోకు. మాత్ర పేరు మాత్రం డాక్టరమ్మకి చెప్పు. ఇక నుంచి నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ తప్ప షాపువాడిచ్చే వేరే బిళ్ళ వద్దు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్ళూ, మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళూ గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. మూర్ఛ మందు మాత్రం ఎవరికి వారు టక్కున ఆపేయకూడదు, ఫిట్స్ వస్తే అదింకా ప్రమాదం. నాటు వైద్యుడి భస్మాలు అసలొద్దు, వాటిలో సీసం, పాదరసం ఉండొచ్చు.

నీ ఉద్యోగం పరవాడ ఫార్మా సిటీలో, అదీ లాబొరేటరీలో. రోజంతా సాల్వెంట్ల మధ్యే పని. అందుకే నీకు ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట మిగతా ఆడపిల్లలకంటే ఖరీదైనది. మేనేజరుకి చెప్పడానికి మొహమాటమైతే ఫ్యాక్టరీ డాక్టరుకి చెప్పు. కొన్నాళ్ళు కాగితాల పనికి మార్చమని రాయించుకో. గర్భిణిని గర్భం కారణంగా ఉద్యోగంలోంచి తీసేయకూడదని 1961 ప్రసూతి చట్టం నాటి నుంచే ఉంది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకీ 26 వారాల జీతంతో సెలవు. గర్భం పోయినా ఆరు వారాలు జీతంతో సెలవుందన్న సంగతి చాలామందికి తెలీదు. రక్తస్రావమవుతున్నా ముఖం కడుక్కుని షిఫ్టుకి వెళ్ళిపోతారు.

ఆస్పత్రికి ఏమేం పరీక్షలకి వెళ్తున్నావో తెలిసి వెళ్ళు. బరువు, బి.పి., మూత్రంలో ఆల్బుమిన్. రక్తంలో హిమోగ్లోబిన్, గ్రూపు, షుగరు, హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్ బి. థైరాయిడ్ కూడా చూస్తారు. హెచ్.ఐ.వి. పేరు చూసి మీ ఆయన మొహం మాడ్చుకుంటే, అందరికీ చేస్తారని చెప్పు. తల్లికి ఉందని ముందే తెలిస్తే బిడ్డకి రాకుండా మందులున్నాయి, అందుకే చేస్తారు. షుగరుకి 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు, 140 దాటితే షుగరున్నట్టు. మొదటిసారి బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేస్తారు. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా అదే స్థితి. “మాది అనకాపల్లి బెల్లమమ్మా, మాకు రక్తం తక్కువేంటి” అని చాలామంది నాతో వాదించారు. బెల్లంలో ఇనుము ఉన్నమాట నిజమే, నీకూ బిడ్డకీ సరిపడా లేదన్నది కూడా నిజం. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ మాత్ర ఆ పని చేస్తుంది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చెరుకు రసమంతా తాగినా చేయదు.

గ్రూపు దగ్గర నీ విషయం వేరు. మీ అమ్మది నెగటివ్, నీ కాలేజీ రక్తదానం కార్డు మీద నీదీ నెగటివే. అల్లుడుగారిది పాజిటివ్ అయితే బిడ్డది కూడా పాజిటివ్ కావచ్చు. బిడ్డ రక్తం నీ రక్తంలో కలిస్తే నీ ఒళ్ళు దానిమీద ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. మొదటి బిడ్డ తప్పించుకున్నా రెండో బిడ్డకి ముప్పు. దానికి యాంటీ డి ఇంజెక్షనుంది. 28 వారాలప్పుడొకటి, బిడ్డ పాజిటివ్ అయితే పురుడయ్యాక 72 గంటల్లోపల ఒకటి. మధ్యలో రక్తం కనిపించినా, గర్భం పోయినా, ‘నేను నెగటివ్’ అని నీ నోటితో నువ్వు చెప్పాలి. రద్దీగా ఉన్న ఆస్పత్రిలో కార్డు చూసే తీరిక ఉండకపోవచ్చు.

ఇంకొకటి, ఇది చదివి భయపడకు, కానీ మరిచిపోకు. పొత్తికడుపులో ఒక పక్కగా నొప్పి, కొద్దిగా నల్లటి రక్తం, కళ్ళు తిరగడం, భుజం మీద నొప్పి. వీటిలో ఏదొచ్చినా రేపు చూద్దామని పడుకోవద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఆరేడు వారాలకి ట్యూబు పగలొచ్చు. రక్తం బయటికి కనపడదు, కడుపులోపల కారిపోతుంది. భుజం నొప్పి ఎందుకంటావా? లోపల చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరని ఒరుసుకుంటే నొప్పి భుజంలో తెలుస్తుంది. గ్యాసు అనుకుని సోడా తాగి కూర్చున్న మనిషిని నేను చూశాను. వాళ్ళాయన ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేశాడు కాబట్టి ఆవిడ ఇప్పుడు మనవల్ని ఆడిస్తోంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒక స్కాన్ తీయించుకోమని నేను పట్టుబట్టేది దీనికే. గర్భం ఎక్కడుంది, గుండె కొట్టుకుంటోందా, ఒకటా రెండా అన్నీ తెలుస్తాయి. తర్వాత 11 వారాలు దాటాక 14 నిండేలోపల మెడ వెనక కొలత చూసే ఎన్.టి. స్కాన్ ఉంటుంది, అదీ ఆలస్యమైతే కుదరదు. ఆడో మగో మాత్రం అడక్కు, అడగనివ్వకు. 1994 చట్టం ప్రకారం చెప్పినవాళ్ళకీ అడిగినవాళ్ళకీ నేరమే.

వేవిళ్ళు మొదలైతే మీ అత్తగారికి దాచడం ఎలాగూ కుదరదు. మంచం దిగకముందే నాలుగు మరమరాలో బిస్కట్టో నోట్లో వేసుకో. మూడు పూటలా కంచం నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఏడెనిమిది సార్లు తిను. అల్లం కొందరికి పనిచేస్తుంది. నీళ్ళు కూడా నిలవక, మూత్రం ముదురు రంగులో తగ్గిపోతే అది వేవిళ్ళు కాదు జబ్బు, సెలైన్ పెట్టాలి. బాగా పండిన బొప్పాయి ముక్క తింటే ఏమీ కాదు, పాలు కారే పచ్చికాయ వద్దు. ఇద్దరి తిండి తినమంటారు, మొదటి నెలల్లో ఆ అవసరం లేదు. మీ ఆడపడుచు తెచ్చిన మాడుగుల హల్వా ఒక ముక్క తిను, డబ్బా ముందు పెట్టుకోకు.

అల్లుడుగారి నాన్నమ్మ అడ్డచుట్ట కాలుస్తారని విన్నాను. నిప్పు నోట్లో పెట్టుకున్నా పొగ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ చేత మాన్పించడం ఎనభై ఏళ్ళ వయసులో నీ వల్ల కాదు, నా వల్ల కూడా కాదు. అరుగు మీద కాల్చుకోమని అల్లుడుగారి చేత చెప్పించు. మనవడి మాట వింటారు.

నీ స్నేహితురాలి సంగతి అడిగావు, పెళ్ళికాలేదన్నావు. ఆ పిల్లకి మందుల షాపు మాత్రలు దొంగచాటుగా మింగొద్దని చెప్పు. ఎన్ని వారాలో తెలియకుండా, గర్భం ట్యూబులో ఉందో లేదో చూడకుండా వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళికాని ఆడవాళ్ళకీ 24 వారాల వరకు పెళ్ళైనవాళ్ళతో సమానంగా హక్కుందని చెప్పింది. పద్దెనిమిది నిండితే తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు. పేరు బయటపెడితే డాక్టరుకే శిక్ష. సర్కారు ఆస్పత్రికి ధైర్యంగా వెళ్ళమను, తోడు కావాలంటే నేనొస్తాను.

ఇక ఎవరికి చెప్పాలన్నావు. అల్లుడుగారికి ఎలాగూ తెలుసు. మీ వార్డు ఆశా కార్యకర్తకీ, డాక్టరమ్మకీ, ఫ్యాక్టరీలో ఒక మనిషికీ ఈ వారంలోనే చెప్పు. ఆశా కార్యకర్త నీ పేరు రాయించి తల్లీబిడ్డల కార్డిస్తుంది. పన్నెండు వారాల్లోపల రాయించుకోవడం పద్ధతి. అర్హత ఉంటే మొదటి కాన్పుకి మాతృవందన పథకం కింద వచ్చే అయిదు వేలకీ ఆ కార్డే ఆధారం. అక్కడ రాయించుకుంటే ఇక్కడ పురుడు పోసుకోకూడదేమోనని అనుమానపడకు, ఆ కార్డు మీది నంబరు చోడవరంలోనూ చెల్లుతుంది. మన ఊరు 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలో కలిసింది గానీ నీ కార్డుకి జిల్లా మార్పుతో పనిలేదు. నాకింకా విశాఖపట్నం జిల్లా అని రాయడమే అలవాటు, అది వేరే సంగతి.

మీ అత్తగారికి స్కాన్ అయ్యాక చెబితే చాలు. అప్పుడు కూడా నువ్వు కాదు, అల్లుడుగారు చెప్పాలి. ఆవిడ వెంటనే పిన్నులకీ మేనత్తలకీ ఫోన్లు తిప్పబోతే అడ్డుకోవాల్సింది ఆయనే. మీ అమ్మని మాత్రం స్కాన్‌కి వెంట తీసుకెళ్ళు. వద్దంటుంది, అయినా తీసుకెళ్ళు.

స్కాన్ కాగితం ఫోటో తీసి నాకు పంపు. పేజీ మొత్తం పడేలా తియ్యి. పైన నీ పేరూ కింద తేదీ కోసేసి పంపితే నేను వారాలు లెక్కకట్టలేను.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ